వైఫై ‘నువ్వెవరు?’ అంటేనే మేలు

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వని వైఫై ఇంట్లో ఉండటం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, ఇందిరా నగర్‌లో కాపురముంటున్న గుమాస్తాని నేను. మా అమ్మాయి హేమశ్రీ ల్యాప్‌టాప్‌లో అంతా ఉచిత సాఫ్ట్‌వేరే. వైఫై కార్డును నడిపే డ్రైవర్ కూడా ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే పంచిపెట్టినదే.

పోయిన నెల ఒక సోమవారం పదకొండు గంటలకు తనకు వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూ. పదింటికి తెర మీద రెండే ముక్కలు: ‘అథెంటికేషన్ ఫెయిల్డ్.’ అంటే, తమరెవరో మాకు తెలియదని!

ఎంత వినయం నేర్పింది! ముప్పై ఏళ్లుగా కౌంటర్లో కూర్చుని “మీరు మీరేనని రుజువేది?” అని జనాన్ని అడిగిన నన్ను, నా ఇంట్లో నా రౌటర్ డబ్బా అడిగింది. పాస్‌వర్డ్ పెట్టిందే నేను! ఇరవైసార్లు కొట్టాను. పైకి చదువుతూ కొట్టాను. దండం పెట్టి కొట్టాను.

ఇక వ్యాయామమా? రౌటర్ ఆర్పి వెలిగించడానికి మేడ మెట్లు పదకొండుసార్లు ఎక్కి దిగాను. ఏ డాక్టరు చేయించగలడు?

మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ ఒక్క గీత. వీడియోకు చాలదు గానీ తిట్లకు చాలు. డ్రైవర్ రాసినవాళ్ల ఫోరంలో “మీరంతా దండగ మనుషులు” అని రాసిపారేశాను.

పక్కింటి రంగమ్మాళ్ అత్తతో మూడేళ్లుగా నా మాటలు “బాగున్నారా” దాటలేదు. ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది. “ఏంది సార్, పొద్దున్నించి మాడికి ఎక్కతా దిగతా ఉండావు?”

చెప్పాను.

“పాప యాడ? ఇట్ట పంపించు. మా ఇంట్లో వైఫై ఉండాదే!”

అక్కడ ల్యాప్‌టాప్ క్షణంలో కలిసింది. ఇంటర్వ్యూ మధ్యలో అత్త కుక్కర్ మూడు కూతలు కూసింది. అవతలివాళ్లు నవ్వారట. ఉద్యోగం మాత్రం వచ్చింది!

ఆ సాయంత్రం హేమశ్రీ ల్యాప్‌టాప్‌లోని లాగ్, అంటే అది రాసుకునే చిట్టా, చదివి తేల్చింది. “పాస్‌వర్డ్ కరెక్టే నాన్నా. నిన్న రాత్రి మన రౌటర్ తనంతట తానే అప్‌డేట్ అయి కొత్త రకం సెక్యూరిటీ అడుగుతోంది. కార్డుకి అది రాదు. డ్రైవరేమో వచ్చని చెప్పేస్తోంది.” రౌటర్‌ను పాత పద్ధతికి మార్చగానే కలిసింది. తను ఆ లాగ్‌ను ఫోరంకు పంపింది.

నాలుగో రోజున డ్రైవర్ సరిచేసి ఒకాయన జవాబు పెట్టాడు: “ఆలస్యానికి క్షమించండి. ఆఫీసు పని అయ్యాక చూస్తుంటాను. కార్డు లోపల ఏముందో కంపెనీ చెప్పదు. ఊహించి రాస్తున్నాం.”

ఆ కార్డు అమ్మిన కంపెనీకి కూడా సోమవారమే ఉత్తరం రాశాను. ఎంత మర్యాదగా అనుకున్నారు! ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టి, ‘తమ విధేయుడు’ అని ముగించాను. నేటికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

డబ్బు పుచ్చుకున్నవాడికి దండాలు, ఊరికే పనిచేసినవాడికి తిట్లు! అన్యాయమంటారా? మరేం చేయను, తిట్టినా పలికేది ఆయనొక్కడే!