మూడు మొండి స్టడ్లు

ఆ రోజు పొద్దున్నే ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా పాత ట్రాక్టర్‌కి మూడు స్టడ్లు ఊడదీయాలి, పదకొండుకి నీళ్లు కారకుండా కొత్త ప్యాకింగ్ వేయాలి, భోంచేసి పొలం దున్నాలి. అతను చదువుకున్న ఇంజనీరేమీ కాదు. ఎప్పుడో బావి మోటారు విప్పి, మళ్లీ బిగించాక నాలుగు బోల్టులు మిగిల్చాడు. అయినా మోటారు తిరిగింది. అప్పటినుంచి అందరూ వెటకారానికి అలా పిలుస్తుంటే, అతను దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు.

ట్రాక్టర్ తండ్రి నడిపినది. రేడియేటర్ గొట్టం ఇంజనుకి కలిసే చోట ఒక ఇనుప మూతి ఉంటుంది. దాన్ని మూడు స్టడ్లు, అంటే ఇంజనులోకి బిగించిన తలలేని బోల్టులు, నట్లతో పట్టుకుని ఉంటాయి. రెండు నెలలుగా అక్కడ నీళ్లు కారుతున్నాయి, రెండు చాళ్లు దున్నేసరికి ఇంజను మరిగిపోయి మొరాయిస్తోంది. నిన్న వాన పడి నేల పదునెక్కింది. ఇవాళ దున్నకపోతే మళ్లీ రాయిలా గట్టిపడుతుంది.

"మా అక్కకి ఒక్క ఫోన్ కొడితే బావగారు వాళ్ల ట్రాక్టర్ తెచ్చి దున్నిపెడతారు కదండీ," అంది భార్య.

"నా ఒంట్లో ప్రాణం ఉండగా వద్దు!"

దానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట ఈ తోడల్లుడి దగ్గర ఒక నిచ్చెన అడిగి తెచ్చుకున్నాడు. మర్నాడే తిరిగిచ్చేశాడు కూడా. అయినా ఏ పెళ్లిలో ఎదురుపడినా ఆయన పదిమందిలో భుజమ్మీద చెయ్యేసి, "నిచ్చెన బాగా పనికొచ్చిందా, తమ్ముడూ?" అంటాడు. నిచ్చెనకే ఆరేళ్లయితే ట్రాక్టర్‌కి ఎన్నేళ్లు?

షెడ్డు పక్క వరండాలో పడక కుర్చీలో పెద్దాయన, అంటే ఇంజనీరు తండ్రి, కూర్చుని ఉన్నాడు. రెండు నెలల కిందట కంటి ఆపరేషన్ అయింది. వంగకూడదని డాక్టర్ చెప్పాడు. కోడలు అంతకంటే గట్టిగా చెప్పి, తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. మంచం దిగి బయటికి రావడం ఇవాళే మొదలు. నల్లద్దాల వెనక ఆయన నిద్రపోతున్నాడో మేలుకుని ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ఇంజనీరు రేడియేటర్‌లోని నీళ్లు బయటికి వదిలేశాడు. నట్లు స్టడ్లతో తుప్పుపట్టి ఏకమైపోయాయి. ఇక నట్టు తిప్పితే స్టడ్డే తిరగాలి. పానా వేసి, పళ్లు బిగబట్టి లాగాడు. 'కిర్రు'మని సగం చుట్టు తిరిగింది. మిగతా రెండూ అంతే. ఆనందం పట్టలేక గుర్తు కోసం సుద్దముక్కతో గీతలు గీశాడు. మెకానిక్ ఫోన్లో ముందే హెచ్చరించాడు: "డీజిల్ పోశాక అరగంట దాని జోలికి పోవద్దు. తొందరపడ్డావా, స్టడ్డు లోపలే విరుగుతుంది. ఇక ఇంజను మొత్తం విప్పాల్సిందే." బుద్ధిగా డీజిల్ పోసి, టీ తాగడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చి చూస్తే సుద్దగీతలు ఉన్నచోట లేవు. మూడు స్టడ్లూ పొద్దుటికంటే గట్టిగా బిగుసుకుని కూర్చున్నాయి.

"ట్రాక్టర్ దగ్గరికి నువ్వేమైనా వచ్చావా?"

"నాకింకేం పని లేదా? అసలు మీరు ఏ వైపు తిప్పుతున్నారండీ?"

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పకు."

ఆవిడ పంచదార సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఇంజనీరు మూత తిప్పాడు. మూత ఇంకాస్త బిగుసుకుంది. ఆవిడ సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒక్క మాటైనా అంటే బాగుండేది. అంతటితో కుడి ఏదో ఎడమ ఏదో అతనికే అనుమానమైపోయింది.

రెండోసారి పానాకి పొడుగాటి గొట్టం తొడిగి ఒళ్లంతా వేసి లాగాడు. మూడూ కదిలాయి. మూడోది కదిలిన ఊపుకి గొట్టం జారి హెడ్‌లైటు పగిలింది, అతను డీజిల్ డబ్బా మీద కూలబడ్డాడు. బట్టలు మార్చుకుని అరగంట తర్వాత వస్తే స్టడ్లు మళ్లీ బిగుసుకుని ఉన్నాయి. మూడోసారీ అంతే. ఎండ నడినెత్తికి వచ్చింది, పొలం ఆరిపోతోంది.

"నాన్నా, ఇటు ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు ఏడుపు గొంతుతో.

నల్లద్దాలు కదల్లేదు. సన్నగా గురక మాత్రం వినిపించింది.

ఇంజనీరు ఇంజను ముందు చతికిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, తల్లీ, నీకు నేనేం అపకారం చేశాను? ఒక్కటి రా. ఒక్కటి వస్తే చాలు." కిటికీలోంచి ఇది చూసిన భార్య వెంటనే ఫోన్ అందుకుంది. "అక్కా, మీ మరిది ట్రాక్టర్‌తో మాట్లాడుతున్నారే! బావగారిని వెంటనే పంపించు!"

గంటలో తోడల్లుడు ఇస్త్రీ చొక్కాతో, ట్రాక్టర్‌తో దిగాడు. జ్వరం వచ్చినవాడిని పలకరించినంత మెత్తగా పలకరించాడు.

"కంగారు పడకు, తమ్ముడూ. అంతా సర్దుకుంటుంది. ముందు నీళ్లు పోసి ఒకసారి స్టార్ట్ చేద్దామా?"

ఇంజనీరు వద్దనలేదు. వద్దనే ఓపిక కూడా లేదు. తోడల్లుడు నీళ్లు పోసి, బానెట్ మీద చేత్తో తట్టి స్టార్ట్ చేశాడు. అయిదు నిమిషాలు, పావుగంట, అరగంట. ఒక్క చుక్క కారితే ఒట్టు!

"అదేంటి బావగారూ, ఏం చేశారు?" అంది భార్య నోరు తెరిచి.

"ఏం చేశానమ్మా? చెయ్యేశాను, అంతే," అన్నాడాయన వినయంగా. టీ తాగి, తన ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంజనీరు వంగి, ఇనుప మూతి కింద నేల ఎక్కడైనా తడిసిందేమోనని వెతికాడు. అప్పుడు పడక కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"ఒరేయ్, కోడలు లోపలే ఉందా?"

"ఉంది నాన్నా."

పెద్దాయన తువ్వాలు మడతలోంచి పానా బయటికి తీశాడు. "బండి అదురుకి ఆ మూడూ వదులవుతాయి, రోజూ పిసరు పిసరు బిగించాలిరా. బండి కొన్ననాటి నుంచీ ఎవరికీ చెప్పకుండా అదే చేస్తున్నాను. రెండు నెలలు మంచాన పడ్డానో లేదో నీళ్లు కారాయి. ఇవాళ మూడుసార్లు బిగించాను. ఎవడో వెధవ వెనకాలే వచ్చి వదులు చేస్తున్నాడు. ఈ అద్దాల్లో మొహం ఆనలేదు."

ఆ వెధవ "బిగించింది ఎవరో ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను," అంటూ ఇంట్లోకి కదిలాడు.

పెద్దాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా నాయనా. వంగనని కోడలి తలమీద ఒట్టేశాను. తెలిస్తే ఆ పిల్ల ఎంత బాధపడుతుంది? మళ్లీ నన్ను గదిలోంచి బయటికి రానివ్వదు."

ఇంజనీరు పానా తీసుకుని తన జేబులో దాచుకున్నాడు. ఆ సాయంత్రం ఒక్కడే పొలమంతా దున్నాడు, బండి ఒక్కసారి కూడా ఆగలేదు. తోడల్లుడు చెప్పుకుంటూ వెళ్లాడేమో, దారిలో ఎదురైన ప్రతివాళ్లూ మీ తోడల్లుడి చెయ్యి మంచిదన్నారు. అందరికీ అవునని తలూపాడు.

ఆ తర్వాత జరిగిన పెళ్లిలో తోడల్లుడు నిచ్చెన మాటే ఎత్తలేదు. పదిమందిలో భుజమ్మీద చెయ్యేసి, "స్టడ్లు ఎలా ఉన్నాయి, తమ్ముడూ?" అని అడిగాడు.