స్నానాల తొట్టిలో ఇద్దరు డైరెక్టర్లు

ఆ గురువారం పొద్దున నెవిల్ గ్రిగ్స్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కొబ్బరిపొట్టును అదిమి చేసిన కోకోపీట్ ఇటుకను నీళ్ళలో నానబెట్టాలి, అదే పొట్టు నింపిన చిన్న కుండీల్లోని రెండు గంజాయి మొక్కల్ని కొత్త కుండీల్లోకి మార్చాలి, ఆ తరువాత తీరిగ్గా టీ తాగాలి. కాన్‌బెర్రాలో మనిషికి రెండేసి మొక్కలు ఇంటి పెరట్లో పెంచుకోవచ్చని చట్టం ఒప్పుకుని ఏళ్ళయింది. అయినా ఉద్యోగకాలమంతా తూనికలు కొలతల ఆఫీసులో ఇతరుల తప్పులు పట్టిన మనిషి గనుక, వాటికి నీళ్ళు పోసినప్పుడల్లా నెవిల్ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు. భార్య గ్లెనిస్ చేతివేళ్ళ నొప్పులకు పనికొస్తాయేమోనన్న ఆశతో మొదలైన వ్యవహారం అది.

మొక్కలకు తన పాత పై అధికారుల హోదాలే పేర్లుగా పెట్టుకున్నాడు. పెద్ద డైరెక్టర్ జానెడు పెరిగి పసుపెక్కింది. చిన్న డైరెక్టర్ పెరగకుండానే పసుపెక్కింది. ఇంటర్నెట్‌లో సలహా అడిగితే ఒకడు రోజూ నీళ్ళు పొయ్యమన్నాడు, ఒకడు పోస్తే చస్తాయన్నాడు, ఇంకొకడు వాటికి పాటలు వినిపించమన్నాడు. విసుగెత్తి పేటలోని పెంపకందార్ల సంఘానికి ఫోను చేస్తే, మార్జ్ అనే ఆవిడ ఎంతో జాలిపడింది. "మొదటిసారా? పాపం! గురువారం మా మనిషిని పంపిస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి" అంది.

ఇటుక చూస్తే అరచేతికి కాస్త పెద్దదిగా, అట్టముక్కంత తేలిగ్గా ఉంది. ఇదేం సరిపోతుందని నెవిల్ స్నానాల తొట్టిలో మూడు వేసి కుళాయి తిప్పాడు.

"నెవిల్, ఒకటి చాలని అట్టమీద రాసుంది," అంది గ్లెనిస్.

"అట్టలమీద రాసేవన్నీ నిజాలైతే నాకు ఇన్నేళ్ళు జీతమెవరిచ్చేవారు?" అన్నాడు నెవిల్.

అప్పుడే ఫోను మోగింది. కుళాయి కట్టకుండానే పరిగెత్తాడు. కూతురు ఫిలిపా. ఇంట్లో పిలుపు పిప్.

"నాన్నా, ఇవాళ సెక్యూరిటీ క్లియరెన్స్ వాళ్ళు నీ దగ్గరికి వస్తున్నారట. నా గురించి అడుగుతారు. నువ్వేం హడావిడి చెయ్యకు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంతే."

"ఇవాళా? మరి పెరట్లో డైరెక్టర్లున్నారే!"

"నాన్నా, మీటింగుకి పిలుస్తున్నారు. చెప్పాగా, ఏం చెయ్యకు!"

ఏం చెయ్యకు అంటే ఏదో ఒకటి వెంటనే చెయ్యాలని అర్థం చేసుకునే రకం నెవిల్. రక్షణశాఖలో ఆ ఉద్యోగం కోసం పిప్ రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. నమ్మదగిన మనిషేనని వాళ్ళిచ్చే క్లియరెన్స్ ఒక్కటే మిగిలింది. కాన్‌బెర్రా చట్టం ఒప్పుకున్న మొక్కను దేశపు చట్టం ఒప్పుకోదు. పిప్ చేరబోయేది దేశపు కొలువు. తండ్రి పెరట్లో గంజాయి ఉందని ఆఫీసరు కంటపడితే పిల్ల బతుకేం కాను?

పెరటివైపు రెండడుగులు వేశాడో లేదో, ముందు గుమ్మంలో గంట మోగింది. గ్లెనిస్ తలుపు తీసింది. నల్లకోటు, ముడి బిగించిన టై, మెడలో కార్డు, చేతిలో నల్లసంచి. మనిషి నిలబడ్డ తీరులోనే గవర్నమెంటు కనిపిస్తోంది. ఆఫీసరు వచ్చేశాడనుకున్నాడు నెవిల్.

"నా పేరు క్లైవ్. నేను రావడం మీకు తెలుసనుకుంటాను," అన్నాడాయన గొంతు బాగా తగ్గించి. కుర్చీలో కూర్చుని, నెవిల్ మొహం చూసి నవ్వాడు. "భయపడకండి. మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుంది. ఎత్తెంత వచ్చింది?"

నెవిల్ కూతుర్ని తలుచుకున్నాడు. "ఐదడుగుల ఆరంగుళాలండీ."

క్లైవ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మొదటిసారికేనా! తిండి ఏం పెడుతున్నారు?"

"కూరగాయలేనండీ. మాంసం ముట్టదు."

క్లైవ్ అది కాగితంమీద రాసుకున్నాడు. అనుభవజ్ఞుడు గనుక కొత్తవాళ్ళ పిచ్చిపనులకు అలవాటుపడ్డ మనిషి. "సరే, అది తరవాత చూద్దాం. ఆడో మగో తేలిందా? మగదైతే మాత్రం ఎందుకూ పనికిరాదు, మొహమాటపడొద్దు, పీకి పారెయ్యాల్సిందే."

"ఆడపిల్లేనండీ! పుట్టినరోజే తేలింది!" అని నెవిల్ లేచి నిలబడ్డాడు. క్లియరెన్స్ వాళ్ళు కఠినంగా ఉంటారని విన్నాడు గానీ, మరీ ఇంత అనుకోలేదు. టీ తెస్తానని చెప్పి వంటింట్లోంచి పెరట్లోకి దూకాడు.

పెరటి గేటు దగ్గర ఒకామె సైకిలు ఆనించి నిలబడి ఉంది. మోకాళ్ళదాకా బురద, మెరిసే పచ్చ కోటు. వసంతకాలంలో మాగ్‌పై పిట్టలు తల పొడవకుండా హెల్మెట్ నిండా ప్లాస్టిక్ పుల్లలు గుచ్చుకుంది. హమ్మయ్య, మార్జ్ పంపిన మనిషి వచ్చేసిందనుకున్నాడు నెవిల్.

"నెవిల్‌గారేనా? నా పేరు టామ్సిన్. నేను..."

"తెలుసమ్మా, తెలుసు! మెల్లిగా మాట్లాడు. ముందుగదిలో ఆఫీసరు కూర్చున్నాడు!"

"ఏ ఆఫీసరండీ?"

"క్లియరెన్స్ ఆఫీసరు! మా అమ్మాయి గురించి వచ్చాడు. నీకు పుణ్యముంటుంది, ఈ డైరెక్టర్‌గారిని కాస్త పట్టుకో."

టామ్సిన్ చేతుల్లోకి కుండీ వచ్చిపడింది. ఆమె దానివంక చూసింది, నెవిల్‌వంక చూసింది, ఏదో చెప్పబోయి ఆగింది. తరవాత నెమ్మదిగా, "మీ అమ్మాయి విషయంలో అంత భయమెందుకండీ? ఆమెలో ఏమైనా లోపముందా?" అంది.

"లోపమా! దానికి అబద్ధం చేతకాదమ్మా, అదే దాని లోపం!" చిన్న డైరెక్టర్‌ని చంకన పెట్టుకుని పక్కవాకిలి గుండా ఇంట్లోకి దారితీస్తూ నెవిల్ వాగుతూనే ఉన్నాడు. "చిన్నప్పుడొకసారి నేను కారు గడువు దాటి కాసేపు నిలిపాను. అది పోయి పార్కింగ్ మనిషిని చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. 'ఈయనే మా నాన్న, ఇదే మా కారు' అంటూ. ఫైను నేనే కట్టాను. నిజం చెప్పినందుకు ఐస్‌క్రీమూ నేనే కొనిపెట్టాను. అలాంటి పిల్ల నోటిదగ్గరి కూడు నావల్ల పోతే నేనింక దాని మొహం ఎలా చూడనమ్మా?"

టామ్సిన్ బదులు చెప్పేలోగా అతను స్నానాలగది తలుపు తోశాడు.

కట్టని కుళాయి పారుతూనే ఉంది. ఇటుకలు ఇటుకల్లా లేవు. కొబ్బరిపొట్టు తొట్టి నిండి, అంచు దాటి, కుళాయి మూతిని ముంచి, గోధుమరంగు నీళ్ళతో కలిసి గ్లెనిస్ తువ్వాళ్ళ వైపు నడిచివస్తోంది. నెవిల్ ఒంటిచేత్తో తువ్వాళ్ళు ఏరుకున్నాడు. టామ్సిన్ మోచేతిదాకా పొట్టులోకి చెయ్యి దూర్చి, కుళాయి వెతికి కట్టింది.

"కుండీలు ఇందులోనే పాతేద్దాం!" అన్నాడు నెవిల్, ఉన్నట్టుండి మెరుపులాంటి ఆలోచన వచ్చి. పాతారు. ఆకులు మాత్రం పైకే కనబడుతున్నాయి. నెవిల్ గోడమేకుకు వేలాడుతున్న గ్లెనిస్ పూల స్నానపు టోపీ తీసి పెద్ద డైరెక్టర్ నెత్తిన పెట్టాడు.

"నెవిల్!" అని గ్లెనిస్ కేక వినిపించింది. "టీ ఎంతకీ రాలేదు గానీ, ఈయన బాత్రూముకి వస్తున్నాడు!"

తలుపు తెరుచుకుంది. క్లైవ్ కళ్ళకు మొదట పుల్లల హెల్మెట్ కనిపించింది, తరవాత తొట్టి, ఆ తరవాత పూలటోపీ పెట్టుకున్న మొక్క.

నెవిల్ అతని కాళ్ళమీద పడలేదు గానీ, పడ్డంత పని చేశాడు. "తప్పంతా నాదేనండీ! పిల్లకేం సంబంధం లేదు! నన్నేమైనా చెయ్యండి, దాని క్లియరెన్స్ మాత్రం ఆపకండి!"

"ఏం క్లియరెన్స్?" అన్నాడు క్లైవ్. "నన్ను మార్జ్ పంపించింది, ఆఫీసుకు వెళ్తూ ఇటు వచ్చాను. అవునూ, ఇందులో ఐదడుగుల ఆరంగుళాలది ఏదండీ?"

నెవిల్ మెల్లిగా టామ్సిన్ వైపు తిరిగాడు. ఆమె పొట్టు అంటిన చేతిని కోటుకు తుడుచుకుని, జేబులోంచి క్లియరెన్స్ ఆఫీసరు కార్డు తీసి చూపించింది. నెవిల్ తొట్టి అంచున కూలబడ్డాడు. అది తడిగా ఉన్న సంగతి కూడా అతనికి తెలియలేదు.

"గేటు దగ్గరే చెబుదామనుకున్నానండీ, మీరు డైరెక్టర్‌ని చేతికిచ్చారు," అంది టామ్సిన్.

"అయిపోయింది. కొంప ముంచేశాను," అన్నాడు నెవిల్.

"మునిగింది స్నానాలగదే," అంది గుమ్మంలోంచి గ్లెనిస్. అయినా వచ్చి, నొప్పుల చేతిని మొగుడి భుజంమీద వేసింది.

"మీ మొక్కల సంగతి మీ అమ్మాయి మాకు మొదటిరోజే చెప్పింది," అంది టామ్సిన్. "'మా నాన్న పెరట్లో రెండు పెంచుతున్నాడు, పెంచడం మాత్రం బొత్తిగా రాదు' అంది. ఆమె మాట ఎంతవరకు నమ్మొచ్చో కనుక్కుందామనే వచ్చాను." తొట్టివంక, టోపీవంక, నెవిల్ ప్యాంటువంక తిరిగి చూసింది. "అక్షరాలా నిజమే చెప్పింది."

క్లైవ్ అప్పటికే కోటు విప్పి, టై భుజంమీదికి తోసి, టోపీ ఎత్తి ఆకులు పరీక్షిస్తున్నాడు. "వీటికి ఏం పోస్తున్నారు?"

"నీళ్ళు."

"ఉత్త నీళ్ళేనా? కోకోపీట్ మట్టి కాదండీ, అందులో తిండి అనేదే ఉండదు. నీళ్ళు పోసినప్పుడల్లా పలచగా ఎరువు కలపాలి, కాల్షియం, మెగ్నీషియం మరవకూడదు. మీరు ఇన్నాళ్ళూ డైరెక్టర్లకు పస్తులు పెట్టారు." పొట్టు గుప్పెడు తీసి పిండి చూసి తల ఊపాడు. "వీటిని బతికిద్దాం లెండి. మిగిలిన పొట్టు మా సంఘమంతటికీ పంచినా ఇంకా మిగులుతుంది."

క్రిస్మస్ ముందర పిప్ ఫోను చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో నెవిల్‌కు వెంటనే బోధపడలేదు. "వచ్చేసింది నాన్నా! ఇంతకీ వాళ్ళతో ఏం చెప్పావు నువ్వు?"

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. ఏమీ చెయ్యలేదు," అన్నాడు నెవిల్, కళ్ళు తుడుచుకుంటూ. తొట్టి మూలల్లోంచి ఇంకా పొట్టు ఏరుతున్న గ్లెనిస్ గట్టిగా దగ్గింది.

ఆ యేడు ఆ ఇంట్లో క్లియరెన్స్ రానిది పెద్ద డైరెక్టర్ ఒక్కరికే. మగమొక్క అని తేలి, పీకేశారు.