గోల్కొండ చలిపులులు, నా నిద్ర

మే నెల మిట్టమధ్యాహ్నం చిక్కడపల్లి బస్టాపులో గొంగడి భుజాన వేసుకొని నిలబడిన మనిషిని మీరు చూసి ఉంటే, అది నేనే. పిచ్చి పట్టలేదు. మంచు హాకీ మ్యాచుకు పోతున్నాను.

మా ఇల్లు పై అంతస్తు. ఎండాకాలం ఆ స్లాబు కింద పడుకుంటే మనిషి రెండు వైపులా సమంగా కాలుతాడు. ఏసీ పెట్టిద్దామంటే మా ఆవిడ దమయంతికి చల్లగాలి పడదు. వారమంతా అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే నాకు ఆదివారం మధ్యాహ్నం ఒక్క నిద్ర కావాలి. అంతకుమించి ఆశ లేదు.

అందుకే గోల్కొండ చలిపులులనే జట్టు సొంత మంచు హాలులో ఆడే మ్యాచులన్నిటికీ పాసు కొన్నాను. ఆ హాలులో వెన్నెల గడ్డకట్టినట్టు మంచు. ఆటగాళ్ళు దానిమీద కొంగల్లా జారిపోతుంటారు. బంతికి బదులు నల్లటి బిళ్ళ అటు పోతుంది, ఇటు వస్తుంది. చూస్తుంటే రెప్పలు వాటంతటవే వాలిపోయి, మా ఊరి పత్తిచేనులో మంచు కురుస్తున్నట్టు కల మొదలవుతుంది.

ఒక్కటే ఇబ్బంది. సొంత జట్టు గోల్ కొడితే చెవులు పగిలేలా హారన్ మోగిస్తారు. ఎదుటివాళ్ళు కొడితే నిశ్శబ్దం. కాబట్టి అంతమంది అభిమానుల మధ్య చలిపులులు ఓడాలని మొక్కుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. దేవుడు విన్నాడు. వరసగా ఓడారు.

ఇంటికొస్తే ఎవరు గెలిచారని దమయంతి అడిగేది. మనోళ్ళే అనేవాణ్ణి. ఒకనాడు పేపరు ముందు పెట్టింది.

"ఓడిపోయిన్రని రాసిండ్రు కద?"

"ఓడినా మనోళ్ళే కద."

నవ్వలేదు. మరుసటి ఆదివారం నాతో బస్సెక్కింది.

హాల్లో నేనలా రెప్ప వాల్చానో లేదో, ఒక కేక. "ఓ తమ్మీ, ఆటకొచ్చినవా, పండనీకి వచ్చినవా?"

ఉలిక్కిపడి లేచాను. అన్నది నన్ను కాదు, గోల్‌కీపర్‌ను. చల్లగాలి పడని దమయంతి నా గొంగడి లాగి కప్పుకొని అద్దాల గోడ దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్లవాడు భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో, తర్వాత ఒక్క బిళ్ళనూ లోపలికి పోనివ్వలేదు. అవతల మనవాళ్ళు గోల్ కొట్టారు. హారన్.

ఆనాటి నుంచి ఆ జట్టు ఓడడం మరిచిపోయింది. హారన్ మోగినప్పుడల్లా దమయంతి సంతోషం పట్టలేక నా వీపు చరిచేది. చివరి మ్యాచు గెలిస్తే కప్పు అన్నంత దాకా వచ్చారు.

అప్పటికి వానలు పడి స్లాబు చల్లబడింది. ఆమె అక్కడుంటే నిద్ర ఇక్కడే దొరుకుతుందని నాకు తోచింది. చివరి మ్యాచు నాడు నడుము నొప్పని మంచమెక్కి, నమ్మకం కోసం కాస్త మూలిగాను. మంచిది పండుకొమ్మని చెప్పి, గొంగడి, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను సంచిలో వేసుకొని ఆమె వెళ్ళిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. కిటికీ మీద చినుకులు. కళ్ళు మూశాను. తెల్లటి మంచు పరుచుకుంది. బిళ్ళ జారుతూ వస్తోంది. గోల్‌కీపర్ చూశాడా? కళ్ళు తెరిచాను. మళ్ళీ మూశాను. హారన్ వినబడక నిద్ర పట్టలేదు.

సాయంత్రం దమయంతి వచ్చింది. ముఖంలో గెలుపూ లేదు, ఓటమీ లేదు.

"ఎవరు గెలిచిన్రు?"

"నడుము ఎట్లున్నది?"

"తగ్గింది. ఎవరు గెలిచిన్రే?"

"తగ్గితే జర ఇట్ల రా."

కత్తిపీట, ఉల్లిగడ్డల బుట్ట నా ముందు పెట్టింది. ఒక గడ్డ తరిగితే ఒక గోల్ చెబుతానంది.

తరిగాను. మొదటి గోల్ వాళ్ళది. ఇంకోటి తరిగాను. అదీ వాళ్ళదే. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఉల్లిగడ్డ వల్లనో, మరి దేనివల్లనో. దమయంతి తీరిగ్గా గొంగడి మడతపెడుతూ, "మూడోది చానా పెద్ద గోల్" అని, బుట్టలో అన్నిటికన్నా పెద్ద గడ్డ ఏరి నా చేతిలో పెట్టింది.