బట్టల షాపులో ఫీల్డ్‌వర్కు

ఆదివారం పొద్దున్న సింధూరి వేసుకున్న ప్లాను చిన్నదే. మంగళగిరిలో బస్సెక్కి బెంజ్ సర్కిల్‌లో దిగడం, బట్టల షాపు యూనిఫాం చీరలో సాయంత్రం దాకా నిలబడటం, ఆ డబ్బుతో మెస్సు బిల్లు కట్టడం. మిగతా ఆరు రోజులూ ఆమె సోషల్ వర్కు చదువు ఎం.ఎస్.డబ్ల్యూ.లో భాగంగా, ప్లేస్‌మెంటు పేరుతో ఒక వృద్ధాశ్రమంలో జీతం లేకుండా ఊరికే చాకిరీ చేస్తోంది. ప్లేస్‌మెంటులో ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదని కాలేజీ రూలు. దొరికితే ఏడాదంతా మళ్లీ చదవాల్సిందే. మరి తిండి సంగతేమిటో ఆ రూలులో రాయలేదు.

పదకొండింటికి ఆమె కౌంటరు ముందుకొచ్చి కూర్చున్నది సాక్షాత్తూ ఆ ప్లేస్‌మెంటు చూసే రాజ్యశ్రీ మేడమ్. పక్క హోటల్లో జరుగుతున్న సెమినారు ఎగ్గొట్టి చీరలకొచ్చింది.

"నువ్వేంటి ఇక్కడ? ఈ యూనిఫామేంటి?"

"ఫీల్డ్‌వర్కండీ. సేల్స్ అమ్మాయిల కష్టాలు. రోజంతా నిలబడే ఉండాలండీ, కూర్చుంటే జీతం కోస్తారు. వాళ్లలో కలిసిపోవాలని మీరే చెప్పారు కదండీ."

మేడమ్ కరిగిపోయింది. సెలవు రోజు కూడా ఇంత శ్రద్ధా అని మురిసిపోయి సెమినారులో ఉన్నవాళ్లకి ఫోన్ చేసింది. ముగ్గురు లెక్చరర్లు మెళ్లో కార్డులతో, చేతిలో పుస్తకాలతో దిగి, భోజనానికి ఎంతసేపిస్తారని అమ్మాయిల్ని అడిగి రాసుకోసాగారు. క్యాష్ కౌంటర్లోంచి అది చూసిన యజమాని మల్లేశ్వరరావు లేబరాఫీసు వాళ్లే వచ్చారనుకున్నాడు. ముందు కూల్‌డ్రింకులొచ్చాయి. వెనకే ఎదురు షాపు నుంచి కొత్త ప్లాస్టిక్ స్టూళ్లొచ్చాయి, అమ్మాయికొకటి చొప్పున.

"మా పిల్లలు కూర్చునే పని చేస్తారండీ. కావాలంటే ఈ సింధూరిని అడగండి. ఆరు నెలలుగా ఆదివారాలు మా దగ్గరే జీతానికి చేస్తోంది."

"జీతమా?" అంది మేడమ్.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. సింధూరికి భయం పోయి ఒళ్లు మండింది.

"అవునండీ, జీతమే. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది గానీ మెస్సు కాలేదండీ. మానేయమంటే మానేస్తాను. రేపటి నుంచి భోజనానికి మీ ఇంటికే వస్తాను."

మెళ్లో కార్డుల మీద కాలేజీ పేరు చదివి, వచ్చినవాళ్లు పాఠాలు చెప్పేవాళ్లని తెలిసి మల్లేశ్వరరావు ఊపిరి పీల్చుకున్నాడు. "లేవండమ్మా, స్టూళ్లు తిరిగిచ్చేయాలి."

"నేను లేవను సార్," అంటూ సింధూరి స్టూలు లాక్కుని మరీ కూర్చుంది. పక్క కౌంటరు శౌరమ్మ కూర్చుంది. తర్వాత అందరూ కూర్చున్నారు. షాపు నిండా ఆదివారం గిరాకీ, చీరలు చూపించే చేతులన్నీ వాళ్లవే. యజమాని గొణుక్కుంటూ క్యాష్ కౌంటర్లోకి వెళ్లిపోయాడు.

"చూశారుగా మేడమ్. దీన్ని ఫీల్డ్‌వర్కని రాస్తారా, నన్ను ఏడాదంతా మళ్లీ చదివిస్తారా? మీరు సెమినారు వదిలేసి ఇక్కడికెందుకొచ్చారో కూడా రాయాలేమో."

మేడమ్ ఒకసారి లెక్చరర్ల వైపు, ఒకసారి ఒళ్లో ఉన్న చీర వైపు చూసి, పెన్ను తీసి, ఒక లెక్చరరు చేతిలోని పుస్తకంలో ఫీల్డ్‌వర్కని రాసి సంతకం పెట్టింది.

ఆ కాలేజీలో జీతమొచ్చిన మొదటి ప్లేస్‌మెంటు అదే. రెండోది ఇంకా రాలేదు.