నాలుగు దిండ్ల కాపురం

ఆ రోజు పొద్దున సెకన్ల ముల్లుగారి పథకంలో పెద్ద పని ఏమీ లేదు. బట్టలు వ్యానులో సర్దుకోవాలి, ఇంటి తాళాలు అద్దెకు దిగేవాళ్ల చేతిలో పెట్టాలి, చీకటి పడకముందే బయలుదేరాలి. గడియారాలు బాగుచేసే ఆయనకి ఆ పేరు వీధి పెట్టింది. ఆయన ఒక్కచోట నిలబడగా చూసినవాళ్లు లేరు. ఊరూరా ఆగిపోయిన గంటస్తంభాలని నడిపించే పని ఏడాదికి ఒప్పుకుని, పాత డెలివరీ వ్యాను కొని, అందులో మంచం, పొయ్యి, బల్ల అన్నీ స్వయంగా బిగించుకున్నాడు. బట్టలకి మాత్రం చోటు మిగల్చలేదు.

"పెట్టె పెట్టుకుంటే పోయేది కదండీ" అంది భార్య. ఆవిడ టైలరు. సగం వీధి ఆవిడ కుట్టిన బట్టల్లోనే తిరుగుతుంది.

"పెట్టె ఉంటే నింపుతావు. నింపితే వ్యాను ఎత్తు దారి ఎక్కదు."

వ్యాను కాపురానికి పనికొచ్చే బట్ట ఎలా ఉండాలో ఆయన నెల రోజులు ఆలోచించాడు. మురికి కనపడకూడదు, ఉతికితే రాత్రికి రాత్రే ఆరాలి, ఏ చొక్కా అయినా ఏ ప్యాంటు మీదికైనా నప్పాలి. అన్నీ కలిపి చూస్తే బూడిదరంగు తేలింది. ఇద్దరికీ బూడిదరంగే.

"మనం ఊళ్లు చూడ్డానికి పోతున్నామా, చావు పలకరింపులకి పోతున్నామా?" అని అడిగింది ఆవిడ. అడిగిందే గానీ, మిగతా బట్టలన్నీ ఆయన వీధిలో పంచిపెడుతుంటే అడ్డు చెప్పలేదు. తన పసుపుపచ్చ కోటు ఉత్తరాలు పంచే పోస్టమ్మ చేతిలో పెట్టేటప్పుడు మాత్రం మొహం తిప్పుకుంది.

ఇక దాచడం సంగతి. బట్టల్ని చుట్టచుట్టి నాలుగు దిండు గలేబుల్లో కుక్కాలన్నది ఆయన ఉపాయం. పగలు ఆనుకోవడానికి, రాత్రి తలకిందికి, పొద్దున్నే ఒంటిమీదికి. ఆవిడ ఆ గలేబులకి మడతలో కనపడకుండా హుక్కులు కుట్టిపెట్టింది. ఆయన నాలుగింటినీ సీటు మీద నిలబెట్టి, దూరం జరుగుతూనే మురిసిపోయాడు.

ఇద్దరూ వ్యాను పైకెక్కి నీళ్ల ట్యాంకు బిగిస్తున్నప్పుడు ఆవిడ అక్కగారు వచ్చింది. సాయం చెయ్యడానికే వచ్చింది. వ్యానులో కూర్చుని దిండుకి ఆనుకుంది. వెన్ను చురుక్కుమంది. ఇంకోటి నొక్కి చూసింది. అదీ అంతే. పాపం ఏడాది పొడుగునా ఈ బండల మీద ఎలా పడుకుంటారనుకుని, నాలుగింటినీ చంకన పెట్టుకుని వీధి చివర పరుపులవాడి దగ్గరికి నడిచింది.

తిరిగొచ్చి కబురు చెప్పింది. "మరిదిగారూ, మీ దిండ్లు బాగుచేయిస్తున్నాను. పాత దూదంతా తీసేసి కొత్తది వెయ్యమన్నాను."

ఆయన చేతిలో స్పానరు జారి వదినగారి కాళ్ల దగ్గర పడింది. "వదినా, అందులో దూది లేదు. మేమున్నాం."

వదినగారికి అర్థమయ్యేలోపు ఆయన సగం వీధి దాటేశాడు.

పరుపులవాడి కొట్లో దూది ఏకే యంత్రం హోరెత్తుతోంది. ఆ హోరులో ఏళ్లుగా పనిచేసి అతనికి చెవులు కాస్త మందగించాయి.

"దిండ్లు ఏం చేశావయ్యా?"

"దిండ్లా? వేసేశానండీ మిషన్లో. రాయిలా ఉన్నాయి."

"బూడిదరంగువేనా?"

"ఏ దిండులోదైనా చివరికి బూడిదరంగే కదండీ" అని అతను యంత్రం మూతి కింద కుప్పని చూపించాడు. ముల్లుగారు అందులోంచి గుప్పెడు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. అది తన చొక్కాయేనని ఆయనకి అనుమానం లేదు. ఏ చొక్కానో తేల్చుకోలేకపోయాడంతే.

ఒంటిమీద రంగు మరకల ప్యాంటు, ట్యాంకు తుప్పంటిన బనియనుతో మిగిలాడు. ఇచ్చిన బట్టల్లో రెండు వెనక్కి అడుగుదామని మంగలి కొట్టుకి వెళ్లాడు. మంగలి ఆయన ఇచ్చిన నీలం చొక్కా వేసుకుని ఎవరికో గడ్డం గీస్తున్నాడు. అది అతని భుజాలకి అతికినట్టుంది. తన ఒంటిమీద అది ఏనాడూ అలా కూర్చోలేదు.

"ఇస్తానండీ, దానికేం. కాకపోతే లోపల బనియను లేదు. ఈ గడ్డం అవనివ్వండి" అన్నాడు మంగలి. "అసలు ఏమైంది?"

చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. బట్టలు యంత్రంలో పోయాయన్న మాట మంగలి కొట్టులో బయలుదేరి, కూరగాయల దుకాణం దగ్గర సామానంతా పోయిందయింది. పోస్టమ్మ చెవిన పడేసరికి వ్యాను తగలబడింది. ఆవిడ పసుపుపచ్చ కోటు పట్టుకుని పరిగెత్తుకొస్తే, వెనకాల వీధి వీధంతా బీరువాలు ఖాళీ చేసుకుని వచ్చింది.

"వ్యాను బాగానే ఉందే" అన్నారు కొందరు, కాస్త నిరాశగా. అయినా తెచ్చింది వెనక్కి తీసుకెళ్లడం మర్యాద కాదు గదా. స్వెటర్లు, గౌన్లు, చలికోట్లు కిటికీల్లోంచి లోపలికి చేరాయి. రిటైరైన బ్యాండు మేస్త్రి తన ఎర్ర కోటు తెచ్చాడు. బంగారు జరీ అంచు, రెండు వరసల ఇత్తడి గుండీలు.

"వేసుకోండి, పర్లేదు. చలిగాలి మంచిది కాదు" అని ముల్లుగారికి తనే తొడిగాడు.

టైలరమ్మ వ్యాను మధ్యలో ఆ గుట్టలో మోకాళ్లదాకా మునిగి, ఒక్కొక్కటీ మీద పెట్టుకుని చూసుకుంటోంది. నెల రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూసి ఆయన ఇంకో స్వెటరు లోపలికి అందించాడు. వ్యాను ఎత్తు దారి ఎక్కుతుందో లేదో ఆ సంగతే మర్చిపోయాడు.

అంతలో పరుపులవాడు బండి మీద నాలుగు గుమ్మడికాయల్లాంటి దిండ్లు వేసుకుని వచ్చాడు.

"ఆలస్యమైందండీ. విప్పుదామంటే వీటికి మూతి ఎక్కడుందో కనపడలేదు. టైలరమ్మ కుట్టు కొయ్యడానికి చెయ్యి రాలేదు. అందుకని పైన చుట్టూ దూది పెట్టి ఇంకో గలేబు కుట్టేశాను."

"మరి మిషన్లో వేశానన్నావు?"

"అవి మంగలివాళ్లవి. మీరు వాళ్ల కోసం వచ్చారనుకున్నాను."

వదినగారు దిండుకి ఆనుకుని చూసి తృప్తిగా తలూపింది. టైలరమ్మ మొహం మాత్రం వాడిపోయింది. చేతిలో గౌను మెల్లగా మడిచి పక్కన పెట్టింది.

"ఇక ఇవన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దామా?" అంది.

ముల్లుగారు కత్తెర తీసుకుని దిండు దగ్గరికి వెళ్లాడు. వ్యాను అద్దంలో ఎర్రగా ఏదో మెరిసింది. ఆగాడు. కాస్త పక్కకి తిరిగి చూసుకున్నాడు. ఆ వీధిలో ఆయన నిలబడ్డం అదే మొదలు.

"అంత కష్టపడి కుట్టాడు. కోస్తే బాధపడతాడు" అని కత్తెర కింద పెట్టేశాడు. "పసుపు కోటు పైన పెట్టు, దారిలో చలేస్తుంది."

మర్నాడు మొదటి ఊళ్లో, గడియారం మేస్త్రి కోసం గంటస్తంభం కింద ఎదురుచూస్తున్న మునిసిపాలిటీ గుమాస్తా వ్యాను దిగిన మనిషిని పైనుంచి కిందికి చూసి, "మిగతా బ్యాండువాళ్లు వెనకాల వస్తున్నారా?" అని అడిగాడు.

"లేదండీ, నేనొక్కణ్ణే" అన్నాడు ముల్లుగారు, పై గుండీ పెట్టుకుంటూ.