నీళ్ళు వదిలే ముందు చెప్పాలి

ఆ రోజు సవరణల సారు పెట్టుకున్న పనులు రెండే. తాము ఉంటున్న ఆరు వాటాల బిల్డింగులో అందరికీ ఒక ఉత్తరం పంపాలి. ఆఫీసులో ఐదు దేశాల ప్రతినిధులకు ఒక ముసాయిదా పంపాలి. రెండూ పదింటిలోపు వదిలించుకుంటే మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చవచ్చని ఆయన ఆశ.

ఆసియాలో ఒకే నదిని ఆనుకుని కాపురముంటున్న ఐదు దేశాలు కలిసి ఒక సహకార మండలి పెట్టుకున్నాయి. దాని సచివాలయంలో ముసాయిదాలు రాయడం ఆయన ఉద్యోగం. ఏ దేశం వారు ఏ మాట మార్చమన్నా విసుక్కోకుండా మారుస్తాడు గనుక, అసలు పేరు హాజరు పట్టీకే పరిమితమై, అందరి నోటా సవరణల సారుగా స్థిరపడ్డాడు. పందొమ్మిదేళ్ళుగా ఆయన రాస్తున్నది ఒకే ఒప్పందం. "ఆందోళనతో గమనించి" అని రాస్తే నది పుట్టే పై దేశానికి కోపం. "ఆందోళన" తీసేస్తే నది సముద్రంలో కలిసే కింది దేశానికి కోపం. ఆ ఒప్పందానికి అందరూ ఎప్పుడో నీళ్ళొదులుకున్నారు. సారుకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుంది. ఈలోగా ఎవరూ తనను కొత్తగా తిట్టకుండా ఉంటే చాలనుకుంటున్నాడు.

ఇంట్లో ఆయన భార్య బాధ వేరు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళది కింది వాటా. సరిగ్గా వాళ్ళ నెత్తిమీది వాటాలో రిటైరైన డ్రిల్లు మాస్టారున్నాడు. ఆయనకు పొద్దున్నే బాల్కనీ కడగడం వ్యాయామం. ఆ నీళ్ళన్నీ వీళ్ళ పెరట్లో ఆరేసిన బట్టల మీదా, అక్కణ్ణుంచి పడగ్గది గోడలోకీ దిగుతాయి. గోడ చెమ్మకు ఆవిడకు నెల రోజులుగా దగ్గు. ఆ రోజు బడికి సెలవు కూడా పెట్టింది.

"ఏమండీ, రాయండి. నేను చెప్తా," అంది ఆ ఉదయం. "ఒకటి. పైనున్నవారు నీళ్ళు వదిలే ముందు కిందివారికి చెప్పాలి."

"'సాధ్యమైనంత మేరకు' అని ఒక మాట చేరుద్దామా?" అన్నాడు సారు, అలవాటుకొద్దీ.

"ఎందుకూ? సాధ్యం కానప్పుడు మన నెత్తిన పోస్తారా?"

"అది కాదే, కాస్త మర్యాదగా ఉంటుందని..."

"మర్యాద చివర్లో పెట్టండి, 'ఇట్లు' అని. ముందు విషయం రాయండి."

రాశాడు. నాలుగు అంశాలు, ఆరు వాక్యాలు. ఫోన్లో దాచి "పొరుగు చివరిది" అని పేరు పెట్టాడు. దేశాల ముసాయిదాకు పాతిక సవరణల తర్వాత "పొరుగు అసలు చివరిది" అని అంతకుముందే పెట్టి ఉన్నాడు. కళ్ళజోడు సంచిలో ఉండగా, కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఒకటి బిల్డింగు వాళ్ళకూ, ఒకటి ఆఫీసు ప్రింటింగు విభాగానికీ పంపేశాడు. రెండు బరువులూ దిగాయని నిట్టూర్చాడు.

పదిన్నరకు సమావేశం మొదలైంది. పొడవాటి బల్ల చుట్టూ ఐదుగురు ప్రతినిధులు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు, నీలం అట్టల మధ్య ముసాయిదా. సారు గోడ పక్క కుర్చీలో కూర్చుని, మామూలుగానే, కళ్ళు తెరిచి నిద్రపోయే ప్రయత్నంలో ఉన్నాడు. సచివాలయం డైరెక్టరమ్మ అట్ట తెరిచి చదవడం మొదలుపెట్టింది.

"ఒకటి. పైనున్నవారు నీళ్ళు వదిలే ముందు కిందివారికి చెప్పాలి. వదిలాక చెప్పినది చెప్పినట్టు కాదు."

సారు నిద్ర ఎగిరిపోయింది. డైరెక్టరమ్మ గొంతు ఒక్క క్షణం తడబడింది గానీ, ఐదు దేశాల ముందు ఆగితే పరువు పోతుందని చదువుకుంటూ పోయింది.

"రెండు. గేటు దగ్గర బండిని పది నిమిషాలకు మించి ఆపి ప్రశ్నలు వేయకూడదు. మూడు. చెత్త తగలబెట్టి పొగను పక్కవాళ్ళ కిటికీల్లోకి పంపకూడదు. నాలుగు. ఉన్నది ఒక్కటే నిచ్చెన. వాడుకున్నవారు తిరిగి దాని చోట పెట్టాలి. ఇట్లు, మీ పొరుగువారు."

సారు లేచి, వంగి వంగి డైరెక్టరమ్మ వెనక్కి చేరాడు.

"మేడమ్, చిన్న పొరపాటు..."

"కూర్చోండి."

"అది మన ముసాయిదా కాదు మేడమ్..."

"సారూ, నోరు మూసుకుని కూర్చోండి. పందొమ్మిదేళ్ళలో వీళ్ళు ఒక కాగితాన్ని పూర్తిగా చదవడం ఇదే మొదటిసారి," అంది ఆవిడ, పెదవులు కదలకుండా.

కింది దేశం తరఫున వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మొదటి అంశం మా ఊళ్ళు మునిగినప్పుడల్లా నేను చెప్తున్నదే. ఇన్నాళ్ళకు ఎవరో అర్థమయ్యేట్టు రాశారు," అంది.

పై దేశం ప్రతినిధి ముఖం ఎర్రబడింది. "పైనున్నవారు అంటే ఎవరు?"

అందరూ ఆయన వంకే చూశారు. ఆయన కాసేపు పైకప్పును చూసి, "చెప్పడానికి మాకేం అభ్యంతరం లేదు. ఇంతవరకూ ఆందోళన పడుతున్నామన్నారే గానీ, చెప్పమని ఎవరూ అడగలేదు," అన్నాడు.

రెండో అంశం దగ్గర సరిహద్దు లారీల గొడవ లేచింది. పది నిమిషాలు చాలవని ఒకరు, తమ లారీల్లో పండ్లు పదిరోజులు కుళ్ళుతున్నాయని ఇంకొకరు. చివరికి పది నిమిషాలు కాస్తా రెండు గంటలై అక్కడ ఆగింది. పొగ మాట వచ్చేసరికి, ఏటా అడవులు తగలబెట్టే దేశం ప్రతినిధి తనంతట తానే దగ్గి, "సరే, ఒప్పుకుంటున్నాం," అన్నాడు. చిక్కంతా నిచ్చెన దగ్గర వచ్చింది.

"నిచ్చెన అంటే ఉమ్మడి అభివృద్ధి నిధి అనుకుంటా," అన్నాడు ఒకాయన.

"కాదు, రేవులో సరుకు దించే యంత్రం," అంది పెద్దావిడ.

"ఎదుగుదలకు ప్రతీక. ఎంత లోతుగా రాశారండీ!" అన్నాడు పై దేశం ఆయన.

సారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నాలుగు నెలల దూరంలో ఉన్న పెన్షను నది మధ్యలో పడవలా ఊగుతూ కనిపించింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను వణికింది. భార్య.

"ఏమండీ, మీరు పంపిందేమిటి? పై మాస్టారు చిందులు తొక్కుతున్నాడు!"

"ఏమంటాడు?" అన్నాడు సారు మోకాళ్ళ మధ్యకి తల వంచి.

"'ఎగువ పక్షం ఏకపక్ష చర్యలను తీవ్ర ఆందోళనతో గమనించడమైనది' అని ఉందట. 'నన్ను గమనిస్తున్నారా? ఎక్కణ్ణుంచి? ఎన్నాళ్ళుగా?' అని మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు. మన వంటింట్లో కబుర్లు చెప్తున్న వాళ్ళావిణ్ణి ఉన్నపళంగా పైకి పిలిపించుకున్నాడు. పాపం, చేతిలో టీ కప్పుతోనే పోయింది."

"అది వేరే కాగితమే. నేనొచ్చి చెప్తా."

"మీరొచ్చేలోపు కొంప మునిగేట్టుంది. మూడో అంతస్తు డెంటిస్టుగారు 'సార్వభౌమత్వం' అన్న మాట పట్టుకుని, తన మెట్ల మీంచి ఎవరూ డాబా ఎక్కకూడదంటోంది."

సాయంత్రం నాలుగింటికి ఐదు దేశాలూ సంతకాలు చేశాయి. నాలుగు అంశాలకు నాలుగు సవరణలు కూడా పడలేదు. ఫోటోలు తీశారు. పెద్దావిడ పై దేశం ప్రతినిధి చేయి పట్టుకుని, ఎంతకీ వదల్లేదు. అంతా వెళ్ళాక సారు డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళి, రాజీనామా ఎలా రాయాలో మనసులో సరిచూసుకుంటూ నిలబడ్డాడు.

"మేడమ్, అది మా బిల్డింగు ఉత్తరం. మా ఆవిడ చెప్పింది, నేను రాశాను."

ఆవిడ సంతకాలైన కాగితాన్ని మళ్ళీ తెరిచింది.

"అయితే నిచ్చెన అంటే?"

"నిచ్చెనే మేడమ్. అల్యూమినియంది. మెట్ల కింద ఉంటుంది."

"ఆ మాట ఇంకెక్కడా అనకండి. దాని మీద ఇప్పుడే ఐదు దేశాలూ ఒక ఉపసంఘం వేశాయి," అని ఆవిడ నీరసంగా కుర్చీలో కూలబడింది. "ఇంటికెళ్ళి పడుకోండి సారూ. నేనూ అదే చేస్తాను."

సారు ఇంటికి చేరేసరికి చీకటి పడలేదు. జేబులో అసలు ఉత్తరం ఆరు ప్రతులున్నాయి. వచ్చే దారిలో తీయించాడు. ఒక్కొక్కరి చేతిలో పెట్టి, క్షమాపణ చెప్పి, ఈ రోజును ముగించాలనుకున్నాడు. ఇంటిముందు గట్టిగా కేకలు వినిపిస్తాయని ఒళ్ళు బిగబట్టుకున్నాడు. కేకలేమీ లేవు. కింద మెట్ల దగ్గర కుర్చీలు వేసి వాటాలవాళ్ళంతా కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు కోటు తొడుక్కున్నాడు. డెంటిస్టుగారు రాసుకుంటోంది.

"రండి సారూ," అని మాస్టారు లేచి చేయి కలిపాడు. పదేళ్ళలో ఎన్నడూ లేని గౌరవం. "మధ్యాహ్నం కాస్త తొందరపడ్డాను. తర్వాత తీరిగ్గా రెండుసార్లు చదివాను. ఎంత హుందాగా రాశారండీ! ఎవరినీ ఏమీ అనలేదు, ఎవరినీ ఏమీ చేయమనలేదు. మా పక్షం మీ ఆందోళనను సముచితంగా పరిగణనలోకి తీసుకుంటుంది."

"మరి బాల్కనీ కడగడం..." అన్నాడు సారు ఆశగా.

"అది మా ఆంతరంగిక వ్యవహారం కదా," అన్నాడు మాస్టారు, చాలా మర్యాదగా.

సారు జేబులోంచి ఉత్తరాలు తీయబోయాడు. భార్య ఆయన మోచేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"ఇప్పుడవి ఇవ్వకండి. ఇంత సూటిగా రాస్తే అవమానమనుకుంటారు. పొద్దుట్నుంచీ వాళ్ళు ఈ భాషకి అలవాటు పడిపోయారు," అంది దగ్గుతూ.

"మరి నీళ్ళు?"

"రేపట్నుంచి మంచం ముందుగదిలో వేసుకుందాం."

సారు నడుం వాల్చాడు. బయట కుర్చీలు ఈడ్చిన చప్పుడు, ఒకరినొకరు పొగుడుకుంటున్న మాటలు చాలాసేపు వినిపించాయి.

నీళ్ళ సంగతి రెండో విడత చర్చల్లో తేలుతుందట. ఆ చర్చలు ఎవరి వాటాలో జరగాలన్న దానిపై మాత్రం ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.