పదమూడో ఉత్తరం

బొగ్గుగని కార్మికుడు తీతు భార్య సుగుణమణి నవలలంటే ఒకప్పుడు గోదావరిఖని ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు మరచిపోయేవారు. వారపత్రికలో ఆమె సీరియల్ వచ్చే రోజున క్వార్టర్లలో సగం కూరలు మాడేవి. అలా పద్నాలుగు నవలలు. పదిహేనోది నడుస్తుండగా ఇంటింటికీ టీవీ సీరియళ్ళు దిగాయి. కూరలు ఇప్పటికీ మాడుతున్నాయి గాని, ఆ ఘనత ఆమెది కాదు.

"రెండు నెలలుగా మీ సీరియల్ మీద ఒక్క ఉత్తరమూ లేదు. నెలాఖరులోగా రాకపోతే ఆపేస్తాం" అని రాశాడు ఎడిటర్.

సుగుణమణి ఆ కాగితాన్ని బైబిల్లో దాచింది. ఆ పూట చారులో ఉప్పు లేదు. తీతు అడగలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ రాత్రి బైబిల్లోని కాగితం చదివి, రెండోది చేయబోయాడు. అక్కడే చెడింది.

మర్నాడు మొదటి షిఫ్టుకు ముందు, గని క్యాంటీన్లో పన్నెండు మందిని కూర్చోబెట్టి తలా ఒక ఇన్‌లాండ్ కవరు పంచాడు.

"ఏందన్నా, సమ్మె నోటీసా?" అన్నాడు లింగమూర్తి మీసం దువ్వుకుంటూ.

"కాదు. నువ్వు మంథని విశాలాక్షమ్మవు. మా ఆమె కథ సదివి ఏడ్వాలె."

"నేను సదవనే లేదు గదనే!"

"ఏడ్సుటానికి సదువుడెందుకు? జల్ది రాయి."

పన్నెండు మందీ చెమటలు కక్కుతూ ఏడ్చారు. అనుమానం రాకుండా తీతు వాటిని మంథనిలో నాలుగు, కమాన్‌పూర్‌లో నాలుగు, నస్పూర్‌లో నాలుగు, ఇలా పోస్టు డబ్బాల్లో వేసొచ్చాడు.

పదిహేను రోజులకు ఉత్తరాల కట్టంతా ఇంటికి తిరిగొచ్చింది. పైన ఎడిటర్ చీటీ: "అమ్మా, ఈ పాఠకురాళ్ళ సంతకాల పక్కన నంబర్లున్నాయి. మహిళా జైల్లో మీకింత ఆదరణ ఉందని తెలియదు. ఏమైనా, రెండు వారాల్లో సీరియల్ ముగించండి."

తీతు తల పట్టుకున్నాడు. గనిలో హాజరు పడాలన్నా, సెలవు దొరకాలన్నా సంతకం పక్కన ఉద్యోగి నంబరు వేయాల్సిందే. ఇరవయ్యేళ్ళుగా అలవాటైన చేతులు, అవే వేసేశాయి.

సుగుణమణి ఒకటి తీసి చదివింది. "'మీ కథ సదివి ఏడ్సి రెండో షిఫ్టుకు పోలేకపోయిన. ఆ మొగుడు మల్ల కొడితే యూనియన్ల చెప్పుండ్రి. ఇట్లు విశాలాక్షమ్మ, 24178.' ఎవరయ్యా ఈమె?"

"లింగమూర్తి."

"పద్నాలుగు నవలలు రాసిన. ఆఖరుకు నాకోసం ఏడ్సినోళ్ళు మీసాలోళ్ళేనా?"

తలొంచుకుని ఉత్తరాలు ఏరుతున్న తీతు చెయ్యి ఆగింది.

"సుగుణా! నేనేసినయి పన్నెండు. ఇవి పదమూడున్నయి! ఇగో, నస్పూర్ కెరోలిన్. నంబరు లేదు! ఏమన్నదో ఇను. 'అక్కా, మీరు రాసుడు మానకుండ్రి. మీరు మానితే మా అసుంటోళ్ళ గురించి చెప్పేటోళ్ళు ఎవరు?' సూసినవా? ఒక్క అసలు మనిషన్న ఉన్నది!"

"అది నేనే రాసిన," అంది సుగుణమణి.

గనిలో పైకప్పు కూలే ముందు వచ్చే చప్పుడు తీతుకు బాగా తెలుసు. ఈసారి ఏ చప్పుడూ రాలేదు.

"ఎడమ చేత్తోని రాసిన. ప్రార్థన కూటానికి నస్పూరు పోయినప్పుడు డబ్బల ఏసిన."

"మరి నన్నెందుకు తిడుతున్నవ్?"

"నాది దొరకలే. నీయి దొరికినయి."

ఆమె కాగితాలు ముందేసుకుని ముగింపు రాయడానికి కూర్చుంది. చాలాసేపు కలం కదలలేదు.

తీతు కెరోలిన్ ఉత్తరాన్ని మరోసారి చదివాడు. దాని అడుగున 'ఇట్లు, తీతు' అని సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

పక్కన నంబరు కూడా పడిపోయింది.